సగంలో ఆగిన ప్రదక్షిణం

మొన్న శనివారం మా ఆవిడను డయాలసిస్ నుంచి తీసుకొచ్చి హాల్లో సోఫా మీద పడుకోబెట్టి, నేనింకా మంచు బూట్లు విప్పుతూనే ఉన్నాను. పై అంతస్తు అమ్మాయి తలుపు తట్టింది. గంటన్నర దూరంలోని కిచెనర్ ఊళ్లో ఆఫీసుకు ఈ స్కార్‌బరో నుంచే తిరిగి తిరిగి నాకంటే ఎక్కువ అలిసిపోయే పిల్ల. "అంకుల్, మేమిద్దరం తైవాన్‌కి టికెట్స్ బుక్ చేసినం. మీరు పోయొచ్చిన్రంట కదా, ఏమేం చూడాలో చెప్పండి" అంది. ఎంత ఆలోచించినా చూసిన చోట్లు సరిగా గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది మా ఆవిడ పట్టుదల ఒక్కటే.

నేను రిటైరైన ఏడాది వెళ్లాం. ఆ దీవి చుట్టూ రైలు పట్టాలున్నాయి, ఎక్కిన ఊళ్లోనే మళ్లీ దిగొచ్చని నోరు జారాను. "అయితే ప్రదక్షిణమే కదండీ! దీవి మనకు కుడిచేతివైపు ఉండాలి" అంది. హాయిగా పడమటి తీరాన బుల్లెట్ రైలెక్కుదామని నేను బుక్ చేసిన దారిలో దీవి ఎడమచేతికి పడుతుంది. అన్నీ మార్చాను. తైపేలో బయల్దేరి తూర్పు తీరం వెంట దిగుతుంటే ఎడమ కిటికీల నిండా పసిఫిక్ సముద్రం. రైల్లో జనమంతా అటే ఎగబడ్డారు. ఈవిడ మాత్రం కుడి కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్లో పులిహోర డబ్బాతో, కొండలకు దణ్ణం పెడుతోంది. సొరంగాలొచ్చినా చేతులు దించలేదు. ఇటు చూడవే అంటే, "పూర్తయ్యాక తీరిగ్గా చూస్తాను లెండి" అంది.

సగం దారిలో తైతుంగ్ అనే ఊరు చేరేసరికి నాకు ఛాతీలో నొప్పి. అక్కడి డాక్టరు గ్యాస్ అన్నాడు, ఈవిడ నమ్మలేదు. విమానంలో తైపే, అటునుంచటే ఇల్లు. మిగతా సగం వచ్చే ఏడు అనుకున్నాం. ఆ వచ్చే ఏడే ఆవిడ కిడ్నీలు మొరాయించాయి. అప్పట్నుంచి ఇంట్లో ఏ కష్టం వచ్చినా మధ్యలో వదిలేసిన ప్రదక్షిణం వల్లేనని ఆవిడ నమ్మకం. వాదించి వాదించి నాకు ఓపిక పోయింది.

ఈలోగా ఆ అమ్మాయి, "మేం ముందు బుల్లెట్ ట్రైన్ ఎక్కుతున్నం అంకుల్, ఉల్టా తిరుగుతం" అనేసింది. ఇక ప్రదక్షిణం పాఠం మొదలవుతుందని నేను తల వంచుకున్నాను.

సోఫాలోంచి మా ఆవిడ కళ్లు తెరవకుండానే అంది. "ఎటు తిరిగినా పరవాలేదమ్మా. సముద్రం వైపు సీటు తీసుకోండి. నేను చూడలేదు."

ఆ మాట అనడానికి ఆవిడకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు మాకు తీరికైతే బోలెడుంది, సముద్రమే దూరమైపోయింది.