బావ కంటికి అక్క రాసిన పరీక్ష

మొన్న కళ్ళజోడు మార్పించుకుందామని వెళితే, కంట్లో చుక్కలు వేసి నన్ను ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కనున్న పెద్దాయన ఫోనులో ఎవరితోనో "గుమ్మం వంకరగా అగుపిస్తంది, అందుకే వచ్చినాను" అంటున్నాడు. ఆ మాటకి గోపాలపట్నంలో ఉండే మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా పెద్దక్క భర్త. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఓడ కడుపులోని సరుకుని, గుడ్డు పగలకుండా బుట్టలో పెట్టినట్టు లారీలోకి దించేవాణ్ణని చెప్పుకునేవాడు. "అంత కన్నున్నోడికి గూట్లో ఉప్పు డబ్బా అగుపించదు" అని అక్క దెప్పేది. అలాంటి మనిషి ఒకరోజు వీధి చివర ఆగిపోయి, "ఈ తంబాన్ని ఎవుడు గుద్దీసినాడు బావ, వంగిపోనాది!" అన్నాడు. మా వైపు బావాబావమరుదులు ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారు లెండి. స్తంభం మాత్రం నిటారుగానే ఉంది.

వయసు వల్ల కంటి తెర నడిమధ్య పాడవుతోందన్నారు డాక్టరుగారు. కుడికన్ను అప్పటికే పోయినట్టు లెక్క; దాంతో చూస్తే మనిషికి చెవులు కనిపిస్తాయి, ముక్కు ఉండదు. మిగిలింది ఎడమకన్ను. అందులో నీరు ఊరడం మొదలైతే వెంటనే ఇంజెక్షను పడాలి, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగిరాకపోవచ్చు. అందుకని ఇంట్లోనే రోజూ చూసుకునే యంత్రం ఒకటి ఇచ్చి పంపారు. కుట్టుమిషనంత పెట్టె. అందులోకి తొంగి మధ్యలోని చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ చుక్కల వరసలు మెరిసి మాయమవుతాయి. వరస ఎక్కడ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడ నొక్కాలి. ఫలితం దానంతటదే ఆస్పత్రికి చేరిపోతుంది.

మొదట్లో బావ దాని ముందు క్రేను క్యాబిన్లో కూర్చున్నంత దర్జాగా కూర్చునేవాడు. ఆ కాసేపూ ఇంట్లో కుక్కరు కూడా కూత పెట్టకూడదు. పోనుపోను తలనొప్పి అనీ, కరెంటు బాగాలేదనీ వంకలు మొదలయ్యాయి. ఆస్పత్రివాళ్ళు ఏమీ అనడం లేదు కదా అని మేమూ నిశ్చింతగా ఉన్నాం.

ఫోను వచ్చిన పూట నేనూ అక్కడే ఉన్నాను. అటునుంచి ఒకమ్మాయి చాలా మర్యాదగా, ఎడమకన్ను ఫలితాలు ఈమధ్య ఉన్నట్టుండి మరీ బాగున్నాయనీ, ఇలాంటి కంటికి అలా జరగదనీ, వెంటనే తీసుకురమ్మనీ చెప్పింది. బావ తల దించుకున్నాడు. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి చెప్పింది.

"ఆయన బదులు నానే సూత్తన్నాను తమ్ముడూ. కంట్లో సూదంటే ఆయనకి బయం. ఆ పెట్టి ముందల సెమట్లు పట్టీసి కూకుంటే సూడనేకపోనాను."

నాకు కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. "నువ్వెలా ఒప్పుకున్నావు బావా?" అన్నాను.

"సూత్తే నిజమైపోతాది కదేటి బావ" అన్నాడు మెల్లగా. అంతెత్తున గాలిలో కూర్చుని బతికిన మనిషి గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

అప్పటికప్పుడు ఆటో ఎక్కాం. "నానే ఆ కన్ను తీసీసినాను" అని అక్క దారిపొడవునా ఏడుస్తూనే ఉంది. "ఊరుకోయే, నానే కదా నిన్ను కూకోబెట్టినాను" అంటూ బావ ఆవిడ చెయ్యి వదల్లేదు. అక్క చెయ్యి నలుగురిలో అతను పట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

కంట్లో నీరు ఊరడం మొదలైందట, కానీ ఇంకా నడిమధ్యకి చేరలేదట. ఆ పూటే ఇంజెక్షను ఇచ్చేశారు. డాక్టరుగారు అక్కని చీవాట్లు పెడతారేమో అనుకున్నాను. డాక్టరమ్మ నవ్వి, "మీ కళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా. ఆయన పరీక్ష మాత్రం ఆయన్నే రాసుకోనివ్వండి" అన్నారు. కంటికి మూత వేయించుకుని బయటికొచ్చిన బావ, "సీమ కుట్టినంత నేదే!" అన్నాడు. ఆ మాట నిజమో అక్క కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఇంకా ఇంజెక్షన్లు పడ్డాయి. పేపర్లో చిన్న అక్షరాలు పోయాయి, పెద్దవి మిగిలాయి. ఇప్పటికీ పొద్దున్నే బావ ఆ పెట్టె ముందు కూర్చుంటాడు, పక్కన స్టూలు మీద అక్క. అతను తలెత్తి "నిన్నటిలాగే ఉన్నాదే" అన్నాక గాని ఆవిడ పొయ్యి వెలిగించదు. రేపు ఎప్పుడొస్తుందా అని తొందరపడిన వయసు మా అందరికీ ఉండేది. ఇవాళ కూడా నిన్నటిలాగే ఉండటం ఎంత పెద్ద వరమో తెలియడానికి ఇంత కాలం పట్టింది.