నాలుగు నుంచి తొమ్మిది దాకా

మా అక్క ఇరవై ఆరేళ్ళు ఒక పార్టీని భుజాన వేసుకుని తిరిగింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. అన్నదమ్ములిద్దరివీ ఒకే ఇంట్లో పక్కపక్క గదుల కాపురాలు, మా ఆడవాళ్ళిద్దరిదీ ఒకే ఆసుపత్రి లాండ్రీలో పని. వీధిలో ఆమెను జిందాబాదక్క అంటారు. "ఆవిడకి పార్టీ మొదటి సంబంధం, నాది రెండోది" అని మా బావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్విస్తుంటారు. నాకు మాత్రం ఆ పార్టీ పేరెత్తితే ఒళ్ళు మంట. పేరుకి కష్టజీవుల పార్టీ, ఆ కష్టజీవిని ఆదివారం ఒక్కపూట కుదురుగా కూర్చుని అన్నం తిననిచ్చేది కాదు.

అయినా ఉన్నమాట చెప్పాలి. మా లాండ్రీలో చేతులకు మందపాటి గ్లవ్స్ వచ్చాయంటే ఆ పార్టీ వల్లే. అంతకుముందు వార్డుల నుంచి వచ్చిన మూటలు వట్టి చేతులతో విప్పేవాళ్ళం. రక్తం మరకల దుప్పట్లలో సూదులుండేవి, ఒక్కోసారి కత్తెరలు కూడా ఉండేవి. ఒకసారి ఒక సూది అక్క అరచేతిలో సగం దాకా దిగింది. మర్నాడు ఆమె పని ఆపి గేటు ముందు కూర్చుంది. ఆమె వెనక మేమందరం కూర్చున్నాం, పార్టీవాళ్ళు వచ్చి మా పక్కన కూర్చున్నారు. తొమ్మిది రోజులకి గ్లవ్స్ వచ్చాయి, ఆ ఏడాదే మా ఉద్యోగాలు పర్మనెంటయ్యాయి. అప్పట్నుంచి అక్కకి పార్టీ అంటే పుట్టిల్లే. ఎన్నికలొస్తే మా వార్డు ఓటర్ల జాబితా ఆమెకు కంఠతా. ఏ ఇంట్లో ముసలాయన మెట్లు దిగలేడో, ఏ ఇంటి కోడలి ఓటు ఇంకా పుట్టింటి దగ్గరే ఉండిపోయిందో ఆమెనే అడగాలి. పోలింగు రోజున బూత్‌లో పార్టీ తరఫున కూర్చునేది ఆమే.

అప్పట్లో మా లాండ్రీ బాయిలరు దగ్గర పనిచేసిన మనిషే ఇప్పుడు పార్టీకి పట్టణ కార్యదర్శి. ఆయన చేత మొదట సభ్యత్వం తీయించింది అక్క. ఇప్పటికీ ఆమెకు ఆయన తమ్ముడే, ఆయనకు ఈమె అక్కే. పోయిన ఎన్నికల్లో పట్టణ కౌన్సిల్ కూడా వాళ్ళ చేతికొచ్చింది. ఆసుపత్రి కౌన్సిల్‌ది, కాబట్టి మన లాండ్రీకి యజమానులం ఇక మనమే అని ఆ రోజు అక్క అందరికీ మిఠాయి పంచింది. నేనూ రెండు తిన్నాను.

ఆ పార్టీలో చేతులెత్తే పద్ధతి ఒకటుంది. నెలకోసారి ఆదివారం జనరల్ బాడీ జరుగుతుంది. చెప్పుల దుకాణం మీద హాలు, మడత కుర్చీలు, గాలి తక్కువా చప్పుడు ఎక్కువా అయిన ఫ్యాను. కార్యదర్శి తీర్మానం చదివి "అనుకూలం?" అంటాడు. చేతులు లేస్తాయి. "వ్యతిరేకం, తటస్థం, ఏకగ్రీవం" అంటాడు. ఈ మూడు మాటల మధ్య ఊపిరి పీల్చుకునేంత సందు కూడా ఉండదు. రెండు మూడుసార్లు అక్క వెంట వెళ్ళి వెనక నిలబడి చూశాను. ముందు వరుస ఎత్తితే రెండో వరుస ఎత్తుతుంది, దాన్ని చూసి మూడోది. కునుకు తీస్తున్న పెద్దాయనొకడు పక్కవాడి మోచెయ్యి తగిలి, కళ్ళు తెరవకముందే చెయ్యెత్తేశాడు. నాకు నవ్వాగలేదు.

"అక్కా, ఆయన ఏం చదివాడో నువ్వయినా విన్నావా?" అన్నాను బయటికొచ్చాక.

"పైకమిటీలో అన్నీ చూసే తెస్తారే. మనవాళ్ళని మనమే నమ్మకపోతే ఎలా?" అంది.

ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

ఒక మంగళవారం పొద్దున లాండ్రీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి లాండ్రీ ఒక కాంట్రాక్టరు చేతికి పోతుంది. ముప్పై నాలుగు మందిలో ఇరవై మందిని అతను తీసుకుంటాడు, మిగతా పద్నాలుగు మంది ఇంటికి. అక్కా నేనూ అప్పుడు ఇస్త్రీ రోలరు దగ్గరున్నాం. ఆ రోలరుకి దుప్పటి ఇద్దరు కలిసి అందించాలి. చెరో కొనా పట్టుకుని ఒకే వేగంతో వదలాలి, లేకపోతే ముడుచుకుపోయి కాలుతుంది. పదకొండేళ్ళుగా ఆ జోడీ మేమిద్దరమే. నోటీసు సంగతి ఎవరో అరిచి చెప్పగానే ఆమె తన కొన వదిలేసింది. దుప్పటి నలిగి లోపలికి పోయింది, కమురు వాసన వచ్చింది, నేనే పరుగెత్తి మిషన్ ఆపాను.

"మనవాళ్ళకి తెలిసుండదు. ఎవడో ఆఫీసరు చేసిన పని ఇది," అంది. షిఫ్టు దిగగానే నన్ను కూడా లాక్కుని పార్టీ ఆఫీసుకి నడిచింది.

కార్యదర్శి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, తనే కుర్చీలు లాగాడు. మర్యాదకేం తక్కువ లేదు. అక్క చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. తర్వాత బీరువా తెరిచి మినిట్స్ పుస్తకం తీశాడు.

"పోయిన నెల మన జనరల్ బాడీయే ఒప్పుకుంది కదక్కా. నాలుగు నుంచి తొమ్మిది దాకా అంశాలన్నీ కలిపి పెట్టాం. ఇది ఏడోది."

"కలిపి పెట్టడమేమిటి?"

"టైము చాలక. నాలుగోది ఈ ఆఫీసుకి సున్నం వేయించడం, ఐదోది మహాసభకి ఎవరు వెళ్ళాలన్నది. అన్నీ చదివాను. నువ్వు రెండో వరుసలో కూర్చున్నావు. చెయ్యెత్తావు."

అక్క ఆ పేజీ మీదికి వంగి చూసింది. ఏకగ్రీవం అని రాసి, దాని కింద స్కేలు పెట్టి గీత గీశారు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కాబట్టి నేను అందుకున్నాను.

"సున్నం పక్కన మా ఉద్యోగాలు పెట్టారా? మూటలో సూది పెట్టి పంపినట్టు పంపారు కదయ్యా!"

"నువ్వు సభ్యురాలివి కాదు కదమ్మా," అన్నాడు నన్ను.

"కాను. ఆ మూటలు విప్పేదాన్ని. నువ్వు బాయిలరు దగ్గర కూర్చున్నప్పుడు నీకు మంచినీళ్ళు అందించినదాన్ని!"

ఆయన అక్క వైపు తిరిగి, "ఖర్చు తగ్గించకపోతే కౌన్సిల్ నడవదు కదక్కా. మనం పోతే అవతలి పార్టీవాళ్ళొచ్చి ఆసుపత్రి మొత్తం అమ్మేస్తారు. మనం చేస్తే కాస్త మెత్తగా చేస్తాం," అన్నాడు.

"మెత్తగా," అంది అక్క. లేచింది.

నాకు పార్టీ మీద ఉన్న కోపానికి రెండింతల కోపం ఆమె మీద ఉంది. ఇంటి గుమ్మం దగ్గర ఇక పట్టలేక, "వినకుండా చెయ్యెందుకెత్తావక్కా?" అని అరిచాను.

"అలవాటే. ఇంకేం చెప్పను?" అంది.

లోపలికి వెళ్ళాక, లాండ్రీలో ఈ సంగతి ఎత్తొద్దని నేనే ఆమెను బతిమాలాను. మినిట్స్‌లో పేర్లేమీ లేవు, అడిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఎంత కోపమొచ్చినా ఆమె పరువు పోతుంటే నేను చూడలేను మరి.

ఆమె వింటుందా? మర్నాడు మధ్యాహ్నం అందరినీ మడత బల్ల దగ్గరికి పిలిచింది. నోటీసు ఎలా వచ్చిందో, పోయిన నెల జనరల్ బాడీలో ఏం జరిగిందో ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. "ఈ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను," అంది. మూటలు విప్పే పెద్దమ్మ అందరికంటే ముందు నోరు తెరిచింది.

"నీ వెనక గేటు ముందు కూర్చున్నామే అప్పుడు. నీ మొహం చూసే కదే ఆ పార్టీకి ఓట్లేస్తున్నాం. ఏం చదువుతున్నారో కూడా వినలేదా?"

"వినలేదు పెద్దమ్మా."

పెద్దమ్మ తన టిఫిన్ డబ్బా తీసుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఒక్కొక్కరే ఆమె వెనక వెళ్ళారు. బల్ల దగ్గర అక్కా నేనూ మిగిలాం.

ఆ వారమంతా ఆమె తను చేర్పించిన సభ్యుల ఇళ్ళన్నీ తిరిగింది. "నువ్వన్నది నిజమే అక్కా, కానీ ఎన్నికల ముందు ఎందుకు గొడవ?" అన్నవాళ్ళే అందరూ. ఆదివారం నేనూ వెంట వెళ్ళి వెనక నిలబడ్డాను. జనరల్ బాడీ మొదలుకాకముందే ఆమె లేచి నిలబడి, ఏడో అంశం మళ్ళీ పెట్టమని అడిగింది. కార్యదర్శి కాదనలేదు. "మన పార్టీలో ప్రజాస్వామ్యం ఉంది," అని అందరికీ వినపడేలా చెప్పి, "రద్దు చేయాలన్నవాళ్ళు?" అన్నాడు.

అక్క చెయ్యెత్తింది. ముందు వరుస కదల్లేదు, కాబట్టి రెండో వరుసా కదల్లేదు. ఆమె చందా పుస్తకంలో మొదటి సంతకాలు పెట్టినవాళ్ళు ఫ్యాను వైపు చూస్తున్నారు, కొందరు చెప్పుల్లో రాయి పడ్డట్టు కిందికి వంగారు. కునుకు పెద్దాయన ఎందుకో సగం ఎత్తాడు, పక్కవాడు చొక్కా పట్టి లాగాడు.

"ఒకటి," అని కార్యదర్శి పైకి లెక్కపెట్టాడు. "వ్యతిరేకం?" అన్నాడు. హాలంతా చేతులే. "తటస్థం?" అని ఆగి, నాలుగు వైపులా తీరిగ్గా చూశాడు. ఆ రోజు మాత్రం ఆయనకు ఎంత టైము దొరికిందో! నాకు ఆ మడత కుర్చీలన్నీ ఎత్తి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ముందే నోటీసు అంటించేసిన ఆ తీర్మానం తర్వాతి వారం కౌన్సిల్‌లో లాంఛనంగా పాసయింది. నెలాఖరుకు గేటు మీద జాబితా పెట్టారు, కాంట్రాక్టరు తీసుకోబోయే ఇరవై పేర్లు. మొదటి పేరు అక్కది. నాది లేదు. పెద్దమ్మది లేదు. కార్యదర్శి గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"కాంట్రాక్టరు నీ పేరు వద్దన్నాడక్కా. నేనే పట్టుబట్టి మొదట్లో పెట్టించాను. జరిగిందేదో జరిగింది. బూత్ సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలి," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో అక్క పార్టీవాళ్ళ మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"పద్నాలుగు మందిని గేటు బయటికి తోసి నన్ను మొదట పెడతావా? నేను వీళ్ళలో ఒకదాన్ని కాబట్టి నీకు అక్కనయ్యాను. అది పోయాక నేను నీకు ఎవర్ని? మా దగ్గర నువ్వు నేర్చుకున్నది ఇదేనా? నా చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదురా తమ్ముడూ!"

ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని తన పేరు కొట్టేసింది. కాగితం చిరిగింది. ఆయన ఏదో చెప్పబోయాడు. "వెళ్ళు," అంది. ఆయన వెళ్ళాడు.

చూసినవాళ్ళకి అది గొప్పగానే ఉంటుంది. పెద్దమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది కూడా. కానీ సాయంత్రానికల్లా ఆ ఖాళీలో కాంట్రాక్టరు మనిషి ఎవరో చేరిపోయారు. మా ఇంట్లో ఒక ఉద్యోగం పోవాల్సింది రెండూ పోయాయి. "నీ పేరు కొట్టేస్తే నా పేరు ఎక్కిందా? ఏం సాధించావు?" అని నేను వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. "ఏమీ లేదు," అంది ఆమె.

ఎన్నికలొచ్చాయి. అక్క బూత్‌లో కూర్చోలేదు. తెల్లకాగితం మీద రాజీనామా రాసి సభ్యత్వ కార్డుతో కలిపి ఆఫీసులో ఇచ్చేసింది. పోలింగు రోజు పది గంటలకు అందరిలాగే వరుసలో నిలబడి ఓటేసి వచ్చింది. నేను గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఎవరికి వేశావు?"

"వాళ్ళకే."

"సిగ్గులేదా అక్కా? అంత చేసినవాళ్ళకి మళ్ళీ వేసొస్తావా? నీకు రోషం అనేది లేదా?"

ఆమె చెప్పులు విప్పకుండానే అక్కడే గడప మీద కూలబడింది. నోటీసు వచ్చిన రోజూ, జాబితా చూసిన రోజూ ఏడవని మనిషి ఏడ్చింది.

"అవతలివాడికి వేస్తే వాడు ఆసుపత్రే అమ్మేస్తాడు. ఎవరికీ వెయ్యకపోయినా గెలిచేది వాడే. నేనెటు పోనే? నేను ఎటూ పోలేనని వాళ్ళకి తెలుసు. తెలిసే ఇంత చేశారు. ఉద్యోగం పోయినందుకు కాదు, దీనికి వాళ్ళని చచ్చేదాకా క్షమించను."

నేను పక్కన కూర్చున్నాను. ఆ పొద్దున ఏడింటికే, ఎవరూ లేవకముందే నేను వెళ్ళి ఓటేసి వచ్చాను. నేనూ వాళ్ళకే వేశాను. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.