కోత పండుగకు మట్టి లేని పాలకూర

మా చర్చి సంఘంలో కోత పండుగ నాడు ఎవరి చేలో, ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి గుడిలో వేదిక ముందు పెడతారు. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే మాకు చేనూ లేదు, పెరడూ లేదు. ఏటా రైతుబజారులో కొన్నదే మా పంట. నిరుడు మాత్రం వంటింటి కిటికీ దగ్గర మట్టి లేకుండా పాలకూర పెంచి పండుగకు తెస్తానని పాస్టరుగారి ఎదుట అనేశాను. ఆయన నవ్వి, "తీసుకురండి, చూద్దాం" అన్నారు. పక్కనున్న నలుగురూ విన్నారు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

నాకా ధైర్యం ఇచ్చింది లైబ్రరీ. పదో తరగతితో చదువు ఆగినా, గవర్నర్‌పేటలో పని దిగాక గంటసేపు లైబ్రరీలో కూర్చోకుండా నేను ఇంటికి పోను. నీటి సేద్యం మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మూడు వారాలు చదివాను. అందులో ఖరీదైన సామాను బొమ్మలే ఎక్కువ. నేను సంపాదించింది వేరు. చేపల మార్కెట్లో ఐసు వేసే థర్మకోల్ పెట్టె, మూతతో సహా. పన్నెండు పెరుగు కప్పులు, అడుగున కాల్చిన మేకుతో చిల్లులు. కప్పుల్లోకి కొబ్బరిపొట్టు. ఎరువు ద్రావణం కొలవడానికి మందుల షాపు సిరంజి, సూది లేనిది. నీళ్ళలో పులుపెంతో చెప్పే రంగు కాగితాలు. పైన ఒక ట్యూబ్‌లైటు. మూతకు కప్పులు దిగేలా గుండ్రటి కన్నాలు ఆటోనగర్‌లో ఒక మెకానిక్ డ్రిల్లుతో అయిదు నిమిషాల్లో తీసిచ్చి, "ఇది ఏ బండి పార్టండీ?" అని అడిగాడు.

మా ఆవిడ పెట్టెను మూడుసార్లు కడిగి, మళ్ళీ వాసన చూసింది.

"ఏమండీ, పాలకూర పప్పు చేపల పులుసు వాసన కొట్టదు కదా?"

"పుస్తకంలో అలాంటిదేం లేదు."

"రాసినాయనకి పప్పు తెలుసా ఏంటి!"

కప్పుల్లో విత్తనాలు వేస్తే మొక్కలు ఉత్సాహంగా లేచాయి. రోజూ పొద్దున్నే మూత ఎత్తి, తగ్గినంత నీరు అంచుదాకా పోసేవాణ్ణి. వేళ్ళు పొడుగయ్యాక నీటిమట్టాన్ని తగ్గనివ్వమని పుస్తకంలో ఒక పేజీ ఉంది. అది నీళ్ళకు కరువున్న దేశాల సంగతిలే అని దాటేశాను. కాలువ గట్టున పెరిగినవాణ్ణి. మడి నిండుగా ఉంటేనే నాకు మనసు కుదుటపడుతుంది.

పండుగ మూడు వారాలుందనగా ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. కాగితం ముంచి చూశాను, ఎరువు లెక్క చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. మా ఆవిడ రైతుబజారు సంచీ దులిపి తలుపుకు తగిలించింది.

ఆ వారమే కంటి డాక్టరుకు చూపించుకోవడానికి మా అత్తగారు చల్లపల్లి దగ్గర నుంచి వచ్చారు. ఊహ తెలిసినప్పటి నుంచీ వరినాట్లు వేసిన మనిషి. మూత ఎత్తి, వేళ్ళు తడిమి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"మురుగుతున్నాయి అల్లుడుగారూ. సగం నీళ్ళు తోడెయ్యండి."

"ఇవి బతికేదే నీళ్ళలో కదా అత్తయ్యగారూ!"

"వరి బతికేదీ నీళ్ళలోనే. పిలకలేసేటప్పుడు చేను ఓసారి ఆరగట్టరా? వేరుకి గాలి తగలొద్దూ? ఏం చదివారో ఏంటో!"

చదివాను, అదే నా బాధ. దాటేసిన పేజీలో ఉన్నది సరిగ్గా అదే. మగ్గు తెచ్చి సగం నీళ్ళు తోడాను. వారం తిరిగేసరికి గోధుమరంగు వేళ్ళ మధ్య నుంచి తెల్లటివి దిగాయి. ఏడు మొక్కలు పోయాయి, అయిదు నిలబడ్డాయి.

పండుగ పొద్దున నేను కత్తెర తీస్తే, పండుగ చూసి వెళ్తానని ఆగిన అత్తగారు అడ్డుపడ్డారు. "కొయ్యకండి. వేళ్ళతోనే పట్టుకెళ్ళండి. కోస్తే కొన్న కట్టే అనుకుంటారు."

అయిదు మొక్కలూ చేత్తో పట్టుకుని గుడి మధ్యలోంచి నడిచాను. వెనక నుంచి మా ఆవిడ, "కారుతున్నాయండీ, ఆ పక్కకి పట్టుకోండి, నా కొత్త చీర!" అని గొణుగుతూనే ఉంది. అరటి గెలల పక్కన నా పాలకూర చూడ్డానికి గుప్పెడే. పాస్టరుగారు వంగి, తెల్లటి వేళ్ళను వేలితో కదిపి, "మట్టి బాగా కడిగి తెచ్చారే!" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్ళ వరసలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"కడగలేదు అయ్యగారూ! అసలు మట్టి మొహమే చూళ్ళేదవి!"