లోపమని నేను రాసిన నడక

గత వారం హైదరాబాదు నుంచి నల్లగొండకు వస్తున్నప్పుడు బస్సు నార్కట్‌పల్లిలో ఆగింది. ముందు తలుపు నుంచి ఒక ముసలావిడ దిగుతున్నది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదికీ తన శరీరాన్ని బరువైన పెట్టెను దించినట్లు దించుకున్నది. నేల మీదికి వచ్చిన తర్వాత కూడా ఆమె మోకాళ్ళు నిటారు కాలేదు. వెనుక నుంచి ఎవరో పిలిస్తే మెడ తిప్పలేదు. మనిషి మొత్తంగా, మెల్లగా, అడుగు మీద అడుగు వేసుకుంటూ వెనక్కి తిరిగింది. కిటికీ పక్కన కూర్చున్న నాకు మొదట తోచింది ఇది: ఈ నడకను నేను ఒక తెర మీద చూశాను. అది మా ఇంటి నడకేనన్న సంగతి ఆ తర్వాత గుర్తుకు వచ్చింది. ఆ రెండు తలపుల మధ్య ఒకటి రెండు సెకన్ల వ్యవధి కూడా ఉండి ఉండదు. అయినా అవి ఆ వరుసలో వచ్చాయన్నది ఇల్లు చేరేదాకా నన్ను వదలలేదు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషిని. ఎవరేది చెప్పినా కొలత ఏదని అడగడం నా అలవాటు. పెళ్ళిలో వంటవాడు నూరుమందికి సరిపోతుందన్న అన్నం రాశిని కూడా కంటితో లెక్కగట్టి చూస్తాను. ఆ కారణంగా నన్ను వంటశాల వైపు రానివ్వరు. ఊళ్ళో వ్యవసాయం చేసుకునే నా తమ్ముడు తన కూతురితో, "మీ అత్తకు దయ్యం కనవడ్డదనుకో, ముందుగాల దాని ఆధార్ కార్డు అడుగుతది బిడ్డా" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. అది నాకు పొగడ్తలాగే వినిపించేది.

లాక్‌డౌన్ కాలంలో ఆ మేనకోడలు కొన్ని నెలలు నా దగ్గరే ఉన్నది. ఇంజనీరింగ్ కాలేజీ మూతబడింది. పాఠాలేమో ఫోన్లో చెబుతున్నారు. మా ఊళ్ళో సిగ్నల్ అందదు. పగలు పాఠాలు విని, మిగిలిన సమయంలో ఒక వీడియో గేమ్ తయారు చేసేది. ఇప్పటి ఆటల్లో మనుషులు నిజం మనుషుల్లాగే ఉంటారట. ఈమె మాత్రం కావాలనే పాతకాలపు పద్ధతి ఎంచుకున్నది. బొమ్మలన్నీ చదరపు చుక్కలతో చేసినవి; వాటిని పిక్సెళ్ళంటారు. మనిషి బొమ్మ ఎత్తు ఇరవై నాలుగు చుక్కలు. అది ఎడమ నుంచి కుడికి నడుస్తూ, గుండ్ల మీదికీ అరుగుల మీదికీ ఎగురుతూ, ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బిందె చేర్చాలి. చీర కట్టిన బొమ్మ. ముఖం లేదు, మూడు గోధుమరంగు చుక్కలంతే. ఆన్‌లైన్‌లో చిన్న ఆటల పోటీ ఒకటి జరుగుతున్నదనీ, అందులో ఎంపికైతే తన చదువుకు మంచి దారి దొరుకుతుందనీ చెప్పింది.

"అత్తా, తప్పులు పట్టుట్ల నీ అసొంటోళ్ళు జిల్లాలనే లేరు. జర ఆడి సూడు. మంచియి ఒక దిక్కు, చెడ్డయి ఒక దిక్కు రాయి. నా మొకం సూసి మార్కులెయ్యకు."

"నీ మొఖానికే వేస్తే ఎప్పుడో ఫెయిలయ్యేదానివి" అన్నాను.

నోటు పుస్తకంలో ఒక పేజీ మధ్యలో నిలువుగీత గీసి, మూడు రోజులు ఆడాను. సుగుణాల వైపు చాలానే రాశాను. మొత్తం పదహారు రంగులే వాడినా మా ప్రాంతపు గుట్టల బూడిదరంగు సరిగ్గా పట్టుకున్నది. ఎండాకాలం సాయంత్రం తాటిచెట్ల వెనుక ఆకాశం పచ్చబడే తీరు నాలుగు చుక్కల్లో వచ్చింది. చేతిపంపు చప్పుడు, మా వైపు బోరింగు అంటాం, కేవలం రెండు కీచు స్వరాలతో పుట్టించినా దాన్ని వింటే దాహం వేసింది. ఎగిరిన బొమ్మ గాలిలో గీసే వంపు నిజమైన పారబోలాయే. తెర మీద కాగితం పెట్టి చూసుకున్నాను. మనిషిని ఐదడుగులనుకుని లెక్కగడితే ఆ ఊరి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానికి రెట్టింపు తేలింది. ఆటల్లో అది మామూలేనని మేనకోడలు చెప్పడంతో క్షమించాను.

లోపాల వైపు మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం. "నడక దోషయుక్తం. మోకాళ్ళు ఏ దశలోనూ నిటారు కావడం లేదు. కుడి పాదం ప్రతి అడుగుకూ రెండు చుక్కలు నేలను రాస్తున్నది. చిత్రాల వరుస తప్పి ఉండవచ్చు." మీట నొక్కిన వెంటనే బొమ్మ ఎగరడం లేదనీ, ముందుగా చేయి మోకాలి మీద ఆనిస్తూ కాలం వృథా చేస్తున్నదనీ రాశాను. తలకు పైన ఏమున్నదో కనబడక, నాలుగడుగులు వెనక్కి నడిస్తే తప్ప పై అరుగు తెరలోకి రావడం లేదన్నాను. అన్నిటికన్నా నన్ను చికాకుపెట్టింది నీళ్ళ వ్యవహారం. దారిలోని బోరింగుల దగ్గర బొమ్మ నీళ్ళు తాగితే బలం వస్తుంది. కాని తాగిన ప్రతిసారీ నడక ఇంకొంచెం మందగిస్తుంది. ఆ వాక్యం చివర "అహేతుకం" అని రాసి కింద గీత గీశాను.

ఆమె పేజీ అంతా చదివింది. "నడక గూడ తప్పే అంటవా అత్తా?"

"మరి కాదా? మనుషులెవరైనా అట్లా నడుస్తారా?"

ఆమె నోటు పుస్తకం మూసింది. ఏదో చెబుతుందనుకున్నాను. "సరే తియ్" అని ల్యాప్‌టాప్ తెరిచింది. రెండు రోజుల్లో అన్నీ దిద్దింది. బొమ్మ చకచకా నడిచింది, నొక్కగానే ఎగిరింది, నీళ్ళు తాగి పరుగెత్తింది. "ఇప్పుడు ఆట ఆటలాగా ఉన్నది" అని మెచ్చుకున్నాను. పోటీకి పంపింది. ఎంపిక కాలేదు. అంతా సాఫీగానే ఉన్నా మిగిలినవాటికీ దీనికీ తేడా ఏమీ లేదన్నారట.

బస్సులు మొదలైన తర్వాత కూతుర్ని తీసుకుపోవడానికి నా తమ్ముడు వచ్చాడు. అన్నం తిని కుర్చీలో కూర్చుని, ఆట చూపించమన్నాడు. చూపించింది. కొంతసేపు చూసి, తెర పక్కన ఇంకా ఏమైనా ఉన్నదేమోనన్నట్లు అటూ ఇటూ వంగి చూశాడు.

"అమ్మేది?"

"ఏ అమ్మ?" అన్నాను.

"మన అమ్మ. లాక్‌డౌన్ల నేను రోడ్డు మీదికొచ్చి సిగ్నల్ పట్టుకుంటే బిడ్డ వీడియో కాల్ల సూపిచ్చింది గదా. బిందె పట్కొని అమ్మ నడుస్తాంటె నాకు ఏడుపొచ్చింది. గదేది బిడ్డా?"

"అత్త తప్పన్నది నాయినా. తీసేసిన."

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా ఊరి బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు మోతాదు మించి ఉండేది. ఆ సంగతి మా ఊళ్ళో మొదట కొలిచి చెప్పిన మనిషిని నేనే. హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతూ, ఇంటి నీళ్ళను సీసాలో పట్టుకుపోయి పరీక్షించాను. అమ్మ వెన్నెముక ఎక్స్‌రే తీయించాను. ఫ్లోరైడుతో ఎముకలు గట్టిపడి ఒకదానికొకటి అతుక్కున్న ఆ ఫిల్మును, ఎవరిదో చెప్పకుండా, ప్రతి ఏడాదీ తరగతిలో దీపానికి ఎదురుగా పట్టి పిల్లలకు చూపించేదాన్ని. ఎముకలు నాకు తెలుసు. వాటిని మోసుకుంటూ ఆమె వాకిలి దాటే తీరు నా తమ్ముడికీ, కొంగు పట్టుకుని వెనుక నడిచిన మనుమరాలికీ తెలుసు. నేను పండగలకు వెళ్ళే మనిషిని. నేను వెళ్ళేసరికి అమ్మ కూర్చుని ఉండేది. తలెత్తలేక, గోడకు నడుము ఆనించి నన్ను చూసేది. రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా వేసి కృష్ణానది నీళ్ళిచ్చారు. ఆ నల్లా మా వాకిట్లోకి రావడానికి ముందు ఏడాదే ఆమె పోయింది.

"పాతది దాచలేదా?" అని అడిగాను.

"గదే ఫైల్ల దిద్దిన అత్తా. పాతది లేదు."

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. మా ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళ వీడియోలు అన్నీ, క్యాసెట్ల నుంచి పెన్‌డ్రైవుల వరకు, తెప్పించి చూశాను. ప్రతిదానిలో అమ్మ ఉన్నది. ప్రతిదానిలో కూర్చునే ఉన్నది. అది ఆమె పెట్టిన పద్ధతి. "నన్ను కూసోబెట్టినంకనే వీడియో ఆయనను పిలువుండ్రి" అని గట్టిగా చెప్పేది. ఇల్లంతా దాన్ని ఆచారంలాగా పాటించింది. మంటపం దగ్గరికి అమ్మను నడిపించుకుపోయి, కుర్చీలో సర్ది, చీర మోకాళ్ళ మీదుగా దించిన తర్వాతనే కెమెరా దీపం వెలిగేది. ఆమె నడక ఈ లోకంలో ఒకే ఒకచోట నమోదైంది. దాన్ని నేను దోషమని రాసి తీసేయించాను.

దిద్దిన ఆటలోనే ఎక్కడైనా ఒక పాత అడుగు మిగిలి ఉంటుందేమోనని మొదటి గుట్ట నుంచి చివరి అరుగు దాకా మళ్ళీ మళ్ళీ ఆడాను. బొమ్మ హుషారుగా నడిచింది. నడవకుండా ఆపి ఉంచితే ముఖం లేని తలతో ఊరికే నిలబడింది. కొన్నిసార్లు ఆ మూడు గోధుమరంగు చుక్కలు నా వైపే ఉన్నాయనిపించేది. అవి అటువైపు ఉన్నాయని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఇటువైపు ఉన్నాయని చెప్పడానికి కూడా లేదు. పట్టపగలు, కిటికీ తలుపులన్నీ తెరిచి ఉండగా, మీట వదిలేసి వేరే గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

మేనకోడలు మళ్ళీ గీయాలని ప్రయత్నించింది. "ఎంత గీసినా చేతికి నువ్వు చెప్పిన నడకనే వస్తాంది అత్తా" అన్నది. అందులో నిష్ఠూరం లేదు; అందుకే ఎక్కువ తగిలింది. అప్పుడు నేను ఎక్స్‌రే ముందు పెట్టుకుని, నడుము ఎంత వంగాలో, మోకాలు ఏ కోణంలో ఆగాలో లెక్కగట్టి ఇచ్చాను. ఆ ప్రకారమే గీసింది. మరోసారి వచ్చిన తమ్ముడికి చూపించాం. "ఎవరో పేషంటున్నట్టున్నది" అన్నాడు. తర్వాత, "మీరిద్దరు సదువుకున్నోళ్ళు, లెక్కలు కట్టుకుంట కూసోండ్రి. అమ్మ ఎట్ల నడిచేదో నేను నడిచి సూపెడ్త. ఫోన్ల పట్టు బిడ్డా" అని లేచాడు.

వంటింటి గడప దగ్గర నిలబడి, కండువాను కొంగులాగా భుజం మీద వేసుకున్నాడు. చంకలో లేని బిందెను సర్దుకున్నాడు. మేనకోడలు నవ్వింది. అతడు అడుగు వేయగానే ఆ నవ్వు ఆగిపోయింది. వీధి తలుపు వరకు పది పదిహేను అడుగులుంటాయేమో. కుడి పాదం బండలను రాస్తూ, చేయి మోకాలి మీద ఆనిస్తూ, నా తల్లి నా ఇంట్లో నడిచింది. నేను దేన్నీ కొలవలేదు. తలుపు దగ్గర ఆగి, మనిషంతా మెల్లగా మా వైపు తిరిగి, మళ్ళీ కుర్చీ వైపు రాసాగాడు.

"అయిపోయింది నాయినా, మస్తు చేసినవ్. ఇగ మామూలుగ నడువు" అన్నది మేనకోడలు, ఫోన్ దించకుండానే.

"మామూలుగనే వస్తున్న గదనే" అన్నాడు.

ఆ తర్వాత ఆ వీడియోను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు. పోయేటప్పటి అడుగులు మా అమ్మవి, వచ్చేటప్పటివి నా తమ్ముడివి. రెంటికీ తేడా కనిపెట్టాలని, తేడా ఉండాలని, ఒక్కొక్క చిత్రాన్నీ ఆపి చూశాను. తమ్ముణ్ణి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నాకు కొత్త సంగతేమీ చెప్పలేదు. మేనకోడలు ఆ నడకను ఇంతవరకు గీయలేదు; గీయమని నేను అడగలేదు. నల్లాలో మంచినీళ్ళు వచ్చిన రోజున కాలం మారిందని ఊరంతా అనుకున్నది, కొలిచి చూసి నేను కూడా అవునన్నాను. ఎముకల్లో మాత్రం పాతకాలమే ఇంకా నడుస్తున్నది.