లండన్‌కు ఆరు గంటలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా ఒప్పుకునేదాన్ని కాదు. డిగ్రీ అయిన కొత్తలో, బంగారు గనుల పక్కనున్న మా రాబర్ట్‌సన్‌పేటలో టికెట్లు బుక్ చేసే చిన్న అంగడిలో చేరాను. (రైలు తప్ప ఏదీ ఎక్కని నేను విమానాల మీద సలహాలిచ్చేదాన్ని.) మా ఎదురింటి అత్త బెంగళూరు నుంచి లండన్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడున్న చెల్లెలికి పెద్ద ఆపరేషన్. అక్కాచెల్లెళ్లు కలుసుకుని పదకొండేళ్లు. కానీ అత్తకు విమానమంటే వణుకు. ఎంతసేపు గాలిలో ఉండాలని అడిగింది. టికెట్ చూశాను. పొద్దున ఏడుకు బయలుదేరి మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతుంది. ఆరు గంటలని ఠక్కున చెప్పేశాను.

"ఆరంటే ఓర్చుకుంటానమ్మా. మీ మామది గనిలో ఎనిమిది గంటల షిఫ్టు. ఎనిమిది దాటినాక మనిషి పైకి రాకుంటే నాకు ఊపిరాడేది కాదు. ఇప్పుడూ అంతే, ఎనిమిది దాటితే నావల్ల కాదు," అంది.

ఆమె ఎక్కిన రోజు, మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఇంకో అరగంటలో అత్త లండన్‌లో ఉంటుందని మా ఓనరన్నతో గొప్పగా అన్నాను. ఆయన సంగటి తింటున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"ఎనిమిది వేల కిలోమీటర్లు ఉండాది కదమ్మా, ఆరు గంటల్లో యెట్ల పోతుంది? ఆ ఒంటిగంట లండన్ గడియారంలో."

వేసవిలో అక్కడి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అంటే ప్రయాణం పదిన్నర గంటలు. విమానం ఎక్కడుందో చూపించే పటం ఫోనులో తెరిచి, దాని మీది బుల్లి విమానాన్ని చూస్తూ కూర్చున్నాను, అది కదిలితేగా! ఒంటిగంట దాటింది. మూడయింది, ఎనిమిది గంటలు నిండాయి. అత్త గుండె పట్టుకుని సీట్లోంచి లేచినట్టు, ఎవరో నీళ్లు చల్లుతున్నట్టు ఒకటే ఊహలు. మంగళూరు టికెట్ అడిగినాయనకు బెంగళూరు టికెట్ తీసిచ్చాను. (పాపం, తిట్టకుండానే మార్పించుకున్నాడు.)

ఐదున్నర దాటిన చాలాసేపటికి చెల్లెలి ఫోను నుంచి అత్తే చేసింది. ఏడో గంటలో, విమానం దారి తప్పిందనీ, లోపలివాళ్లు ఆ సంగతి దాస్తున్నారనీ తేల్చుకుందట. ఎనిమిది దాటగానే పక్క సీటాయన చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టిందట. కాసేపటికి ముందు వరుసవాళ్లకూ భయం పట్టుకుందట. నేను ఏడుస్తూ తప్పంతా నాదేనని ఒప్పుకున్నాను.

"పదిన్నర గంటలని ముందే చెప్పింటే నేను వచ్చేదాన్నే కాదు పాపా," అని అత్త ఫోను చెల్లెలికిచ్చింది. ఆమె నాకు థాంక్స్ చెప్పబోయి, చెప్పలేక ఏడ్చేసింది.

ఇప్పుడు ఎవరడిగినా రెండు ఊళ్ల గడియారాలూ చూసి, కాగితం మీద కూడి మరీ చెబుతాను. ఒక్కసారీ తప్పలేదు. నా సరైన లెక్క విని భయపడి ప్రయాణం మానుకున్నవాళ్లు మాత్రం ఇద్దరున్నారు. వాళ్లు గుర్తొచ్చినప్పుడల్లా, ఏమీ తెలియకుండానే ధైర్యంగా జవాబు చెప్పిన ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను, కాస్త అసూయతోనే.