గుంటలో మొహం

అది గంగజాతర వారం. తిరుపతి కబేళాలో నేను కొత్తగా చేరాను. పొద్దున్నే కోసిన పొట్టేలొకదాన్ని పశువైద్యుడు చూసి, పనికిరాదని పక్కన పెట్టించాడు. ఊపిరితిత్తుల నిండా చీముగడ్డలు. అలాంటిదాన్ని గుంటలో వేయించి, ఫినాయిలూ బ్లీచింగూ చల్లి, ఫోటో తీసి ఆఫీసుకు పంపి, పూడ్పించడం నా పని.

పొట్టేలు తెచ్చిన ముసలామె గుంట దగ్గర నుంచి కదల్లేదు.

"తలకాయన్నా ఇయ్యి పాపా. గంగమ్మకు మొక్కుకున్నేది. మనవడికి జొరం దిగల్యా."

"తల కూడా ఇవ్వను. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి గానీ..." అని అరిచాను.

"ఆస్పత్రిలోనే ఉండాడు."

ఫోటో కోసం ఫోన్ తీసి గుంట అంచుకు వెళ్ళాను.

"పైనుంచే సూడండి మేడమ్," అన్నాడు పార పట్టుకున్న పనివాడు. "మీరు పడితే పూడ్సేదానికి నాకు ఆర్డరు ల్యా."

ఫోన్ కెమెరా తెరమీద పసుపు గడి వెలిగింది. పొట్టేలు తల ఉన్న వైపు కాదు, బ్లీచింగు పొడి ఒట్టిగా పరుచుకున్న చోట. ఫోన్ అటూ ఇటూ తిప్పాను. గడి అక్కడే నిలిచింది.

"అదేంది పాపా?" ముసలామె నా భుజం మీదుగా తొంగిచూసింది.

"మనిషి మొహం కనిపిస్తే ఫోన్ అలా గడి గీస్తుంది," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె కొంగు నిండుగా కప్పుకుని దండం పెట్టింది. "అయితే అమ్మే వచ్చి తీసుకునింది."

పనివాడు పార కింద పెట్టేశాడు. "మొగమ్మీద మన్ను నేనెయ్యను మేడమ్."

నాకు తిక్క రేగింది. పార లాక్కుని నేనే మట్టి తోశాను. పొడి కనబడకుండా పోయేదాకా తోశాను.

"మా కోడలికి ఫోన్ జేసి మొక్కు తీరిందని సెప్పు పాపా," అని ముసలామె నంబరు చెప్పింది. చేశాను. తీరిందని చెప్పాను. అవతల కోడలు ఏడుస్తోంది.

"ఇప్పుడే పిల్లోడు కండ్లు తెరిసినాడక్కా. మొగమ్మీద ఎవురో మన్ను పోస్తాండారని ఒకటే అరుస్తాండాడు."

"ఏమంటాదమ్మా?" ముసలామె నా మొహంలోకే చూస్తోంది.

"కళ్ళు తెరిచాడంట," అన్నాను.