మడవ మూసినందుకు పోయిన పుంజు

ఈ సంగతి నేను ఎప్పుడు ఎత్తినా మా ఊళ్లో అందరికీ సరిగ్గా అప్పుడే పని గుర్తొస్తుంది. ఒకరు పశువుల్ని చూడాలంటారు, ఇంకొకరికి దగ్గు తెర వస్తుంది. ఇన్నేళ్లూ చెప్పనివ్వలేదు గనక రాస్తున్నాను.

అరకు కొండల్లో మా వరిమళ్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. పై మడి నీళ్లు గట్టుకున్న మడవలోంచి కింద మడిలోకి, అక్కణ్నుంచి గెడ్డలోకి, అంటే కొండవాగులోకి దిగుతాయి. పైది నాది, కిందది మా బావది. డెబ్బైల్లో ఒక ఏడు డుంబ్రిగుడ సంత నుంచి యూరియా బస్తా మోసుకొచ్చి, పారే నీళ్లలోనే చల్లేశాను. నా వరి ఓ మాదిరిగా పండింది. బావ వరి మాత్రం నల్లగా, ఏపుగా లేచింది.

"నీ సెయ్యి మంచిదిరా బామ్మర్దీ. నువ్వు సల్లితే నాకు పండుతాది" అన్నాడు, గట్టు మీద కూర్చుని నా పొగాకే చుట్టుకుంటూ.

అతని వేళాకోళం సరే, మందు గెడ్డ దాకా కొట్టుకుపోయి, ఒడ్డున మేం తాగే చెలమకు నాచు పట్టింది. మా అక్క, అంటే బావ పెళ్లాం, బిందె తెచ్చి నా గుమ్మంలో దించింది. "తమ్ముడా, ఈ పసరు నీల్లు నువ్వు తాగి సూపించు" అంది.

మరుసటి ఏడు, సాగు సలహాలు చెప్పే గ్రామసేవకుణ్ని అడిగాను. ఆయన చెప్పినట్టు సగం బస్తానే తడిమట్టిలో కలిపి, రెండు రోజులు మాగనిచ్చి, ఉండలు చేసి వరి మొదళ్ల మధ్య బురదలో పాతాను. మందు కొట్టుకుపోకుండా మూడు రోజులు మడవ మూశాను. ఆ మూడు రోజులూ బావ మడిలో వాననీళ్లు నిండుగానే ఉన్నాయి.

అయినా నెల తిరక్కుండా బావ ఊరి పెద్ద దగ్గరికి పోయాడు. పై మడివాడు కింద మడికి నీళ్లు ఆపకూడదన్నది మా తాతల కట్టు.

"నీల్లు ఆపేసినాడు. నా వరి పాలిపోనాది."

"పాలిపోనాది నీల్లు లేక కాదు బావా, నా యూరియా లేక!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే తప్పు నాదని తేల్చి, దండుగ కింద నా ఎర్రపుంజును కోసుకు తిన్నారు. బావకు తొడ, నాకు మెడ వేశారు.

కోతలయ్యాక, సగం బస్తాకే నా గాదె ముందటేడు ఎంత నిండిందో అంతే నిండింది. చెలమ కూడా తేటపడింది. ఆ పై ఏడు బావ కూడా ఉండలు చుట్టాడు, మడవ మూశాడు. తర్వాత ఊరంతా మూసింది. ఒక్కరి పుంజూ పోలేదు.

పుంజు నాకు అక్కర్లేదు. ఊరి పెద్దా, బావా, నన్ను ఏ రాతి అరుగు మీద తప్పు పట్టారో ఆ అరుగు మీదే కూర్చోండి. దగ్గకుండా చెప్పండి: ఆ రోజు తప్పు నాదేనా?